కాలువ మీద దూలం నుంచి కాటా దాకా: సమతాస్థితి లెక్కలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ మొదటి సంవత్సరంలో భ్రమణ గమనం పాఠం దగ్గరికి వచ్చేసరికి చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. సూత్రాలు రెండే, అవీ చిన్నవే. అయినా నిచ్చెన లెక్క ఇస్తే సగం క్లాసు పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఒంగోలు, నెల్లూరు వైపు పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, అప్పుడప్పుడు పాలిటెక్నిక్ కుర్రాళ్ళు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఉదాహరణలు కూడా మన చుట్టుపక్కలవే. లెక్కలు తేలిగ్గా ఉండాలని గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకున్నాను. అంటే 1 కిలో ద్రవ్యరాశి ఉన్న వస్తువు బరువు 10 న్యూటన్లు.

సమతాస్థితి అంటే వస్తువు కదలకుండా ఉండటమేనా?

కదలకుండా ఉండటం అందులో ఒక రకం. సరళరేఖలో ఒకే వేగంతో, తిరక్కుండా పోతున్న వస్తువు కూడా సమతాస్థితిలో ఉన్నట్టే. మనం ఇక్కడ చూసేది నిశ్చలంగా ఉన్నవాటినే.

షరతులు రెండు. వస్తువు మీద పనిచేసే బలాలన్నీ కలిపితే సున్నా కావాలి. ఏ బిందువు చుట్టూ తీసుకున్నా టార్క్‌లన్నీ కలిపితే సున్నా కావాలి. టార్క్ అంటే బలం వస్తువును తిప్పే ప్రభావం, బలాన్ని అక్షం నుంచి దాని దూరంతో గుణిస్తే వచ్చేది. మొదటి షరతు ఉండి రెండోది లేకపోతే ఏమవుతుందో లారీ స్టీరింగ్ చూస్తే తెలుస్తుంది. ఒక చెయ్యి పైకి, ఇంకో చెయ్యి కిందికి సమానంగా లాగుతాయి. బలాల మొత్తం సున్నాయే, చక్రం మాత్రం తిరుగుతుంది. దీన్నే బలయుగ్మం అంటాం.

టార్క్‌లో దూరం దగ్గర ఎప్పుడూ తప్పు పోతోంది. ఏ దూరం తీసుకోవాలి?

అక్షం నుంచి బలం పనిచేసే రేఖకు గీసిన లంబ దూరం. బలం తగిలే చోటుకి ఉన్న దూరం కాదు. వీధి బోరింగు దగ్గరికి వెళ్ళి చూడండి. పిడి కొస పట్టుకుని కిందికి నొక్కితే నీళ్ళొస్తాయి. అదే కొసను పట్టుకుని, అంతే బలంతో, పిడి పొడవునా, అది తిరిగే మేకు వైపుకు నెడితే పిడి కదలదు. చెయ్యి పెట్టిన చోటు మారలేదు, బలం మారలేదు. బలరేఖ మేకు గుండా పోతోంది కాబట్టి లంబ దూరం సున్నా అయింది, దాంతో టార్క్ కూడా సున్నా అయింది.

లంబ దూరం కనిపించకపోతే బలాన్ని రెండు అంశాలుగా విడగొట్టి, ఒక్కోదాని టార్క్ విడిగా రాసి కలపండి. జవాబు ఒకటే వస్తుంది. వారిన్యాన్ సిద్ధాంతం చెప్పేది ఇదే. నిచ్చెన లెక్కల్లో నేనైతే లంబ దూరమే వాడతాను, తీగ లెక్కల్లో అంశాలు వాడతాను. అది అలవాటు మాత్రమే, నియమమేమీ లేదు.

ఇంకో చిన్న విషయం. టార్క్ ప్రమాణం న్యూటన్ మీటరు. పనికీ అదే గుణకారం వస్తుంది గానీ టార్క్‌ని జౌళ్ళలో రాయకండి.

లెక్క చదివాక మొదట ఏం చెయ్యాలి?

సూత్రం రాయకండి. మొదట ఏ వస్తువు గురించి లెక్క చేస్తున్నారో తేల్చుకోండి. ఆ ఒక్క వస్తువునే కాగితం మీద గీయండి. గోడ, నేల, తాడు, మనిషి ఏవీ గీయొద్దు. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ వస్తువును తాకుతున్నవి ఏవేవి? తాకిన ప్రతిచోటా ఒక బలం ఉంటుంది. తాడు తాకితే అది లాగుతుంది, నెట్టలేదు. నేల తాకితే అది నెడుతుంది, లాగలేదు. గరుకు నేల అయితే ఘర్షణ కూడా ఉంటుంది. తాకకుండా పనిచేసే బలం మన లెక్కల్లో ఒకటే, భూమి లాగే బరువు. దాన్ని గురుత్వ కేంద్రం దగ్గర, అంటే బరువంతా పనిచేస్తున్నట్టు తీసుకునే బిందువు దగ్గర, కిందికి గీయండి.

పాఠ్యపుస్తకంలో దీన్ని స్వేచ్ఛా వస్తు పటం అంటారు. పిల్లలు దీన్ని మార్కుల కోసం గీసే బొమ్మ అనుకుని చివర్లో గీస్తారు. లెక్క మొత్తం ఆ బొమ్మలోనే ఉంది. బొమ్మ సరిగ్గా వస్తే మిగిలింది ఏడో తరగతి గుణకారాలు. తప్పిన లెక్కలను వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే పదింట ఎనిమిదిసార్లు బొమ్మలోనే ఒక బలం తగ్గి ఉంటుంది, లేదా ఒకటి ఎక్కువై ఉంటుంది. ఎక్కువయ్యేది సాధారణంగా ఆ వస్తువు ఇంకొకదాని మీద వేసే బలం. దూలం గట్టును కిందికి నొక్కుతుంది, నిజమే. కానీ అది గట్టు బొమ్మలో ఉండాలి, దూలం బొమ్మలో కాదు.

ఒక లెక్క మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తారా?

పెన్నా ఆయకట్టులో పిల్లకాలువల మీద తాటి దూలం అడ్డంగా వేసి దాటుతుంటారు. దూలం పొడవు 4 మీటర్లు, ద్రవ్యరాశి 120 కిలోలు అనుకుందాం. తాటిమాను మొదలు లావుగా, కొస సన్నగా ఉంటుంది కాబట్టి గురుత్వ కేంద్రం నడిమధ్యన ఉండదు. మొదలు నుంచి 1.6 మీటర్ల దూరంలో ఉందనుకోండి. దూలం రెండు కొసలూ రెండు గట్ల మీద ఆనాయి. 60 కిలోల మనిషి దాటుతూ మొదలు నుంచి 3 మీటర్ల దగ్గర నిలబడ్డాడు. ఒక్కో గట్టు ఎంత మోస్తోంది?

వస్తువు దూలం. దాన్ని తాకుతున్నవి మూడు: మొదలు వైపు గట్టు, కొస వైపు గట్టు, మనిషి పాదాలు. వీటికి తోడు దాని సొంత బరువు 1200 న్యూటన్లు. మనిషి వేసే బలం 600 న్యూటన్లు.

మొదలు దగ్గర అక్షం పెట్టుకుందాం. కొస వైపు గట్టు దూలాన్ని పైకి నెడుతూ ఒక దిశలో తిప్పబోతుంది. బరువులు రెండూ రెండో దిశలో తిప్పబోతాయి.

కొస గట్టు బలం × 4 = 1200 × 1.6 + 600 × 3 = 1920 + 1800 = 3720

కొస గట్టు బలం 930 న్యూటన్లు. మొత్తం కింది బలం 1800 కాబట్టి మొదలు గట్టు బలం 1800 − 930 = 870 న్యూటన్లు.

ఇక్కడితో ఆగకండి. కొస దగ్గర అక్షం పెట్టి సరిచూడండి. మొదలు గట్టు బలం × 4 = 1200 × 2.4 + 600 × 1 = 3480. నాలుగుతో భాగిస్తే 870. సరిపోయింది. ఈ సరిచూసుకోవడానికి అర నిమిషం పడుతుంది.

అక్షం ఎక్కడ పెట్టుకోవాలి? వస్తువు నిజంగా తిరిగే చోటే పెట్టాలా?

అక్కర్లేదు. వస్తువు అసలు తిరగడమే లేదు కదా! అక్షం ఎక్కడ పెట్టాలన్నది పూర్తిగా మీ ఇష్టం. కాబట్టి మీకు లాభమున్న చోట పెట్టండి. ఏ బిందువు గుండా ఎక్కువ తెలియని బలాలు పోతున్నాయో అక్కడ పెడితే వాటి టార్క్‌లన్నీ సున్నా అయిపోతాయి, సమీకరణంలో ఒక్క తెలియని రాశి మిగులుతుంది. దూలం లెక్కలో మొదలు దగ్గర అక్షం పెట్టింది అందుకే. నడుమ పెట్టినా జవాబు వస్తుంది, రెండు సమీకరణాలతో కుస్తీ పట్టాలి అంతే.

కావాలంటే అక్షాన్ని వస్తువు బయట, గాల్లో కూడా పెట్టుకోవచ్చు. రెండు తెలియని బలరేఖలు గాల్లో ఎక్కడో కలిస్తే అదే మంచి చోటు. ఈ ధైర్యం వచ్చిన రోజున సమతాస్థితి లెక్కలు సగం అయిపోయినట్టే.

ఏ బిందువు తీసుకున్నా జవాబు ఒకటే ఎందుకు వస్తుంది?

అక్షాన్ని కొంత దూరం పక్కకు జరిపితే ప్రతి బలం టార్క్ ఆ జరిపిన దూరం మేరకు మారుతుంది. అన్ని మార్పులూ కలిపితే, జరిపిన దూరాన్ని మొత్తం బలంతో గుణించినట్టు వస్తుంది. మొత్తం బలం సున్నా కాబట్టి మొత్తం మార్పు కూడా సున్నా. బలాలు సున్నా కాని చోట, అంటే త్వరణం ఉన్న చోట, ఈ స్వేచ్ఛ ఉండదు.

మూడు చోట్ల అక్షం పెట్టి మూడు టార్క్ సమీకరణాలు రాయొచ్చా?

రాయొచ్చు, ఆ మూడు బిందువులూ ఒకే సరళరేఖ మీద లేకపోతే చాలు. కానీ ఒక తలంలో ఉన్న లెక్కకు స్వతంత్ర సమీకరణాలు మూడే. అడ్డ బలాలు, నిలువు బలాలు, ఒక టార్క్. నాలుగోది ఎక్కడ రాసినా పాతవాటిలోంచి వచ్చేదే. సరిచూసుకోవడానికి పనికొస్తుంది గానీ కొత్త రాశిని ఇవ్వదు.

బలం విలువ మైనస్ వచ్చింది. లెక్క తప్పినట్టా?

అన్నిసార్లూ కాదు. మీరు బాణం గీసిన దిశకు అసలు బలం ఎదురుదిశలో ఉందని అర్థం. మేకు, బోల్టు, కీలు లాంటివి అయితే ఫర్వాలేదు, అవి లాగగలవు, నెట్టగలవు. నేల, గట్టు, ఊరికే ఆన్చిన రాయి అయితే మాత్రం ఆలోచించండి. అవి లాగలేవు. అక్కడ మైనస్ వచ్చిందంటే ఆ వస్తువు అప్పటికే పైకి లేచి తిరగబడిందన్నమాట.

రంగులేసేవాళ్ళ పలక చూడండి. 4 మీటర్ల పలక, 30 కిలోలు. ఎడమ కొసన ఒక ఆధారం, అక్కడి నుంచి 3 మీటర్ల దగ్గర ఇంకోటి. కుడివైపు 1 మీటరు గాల్లోకి పొడుచుకుని ఉంది. 60 కిలోల మనిషి ఆ గాల్లో ఉన్న భాగం మీదికి ఎంత దూరం పోవచ్చు? పలక లేవబోయే క్షణంలో ఎడమ ఆధారం బలం సున్నా. రెండో ఆధారం దగ్గర అక్షం పెడితే, పలక గురుత్వ కేంద్రం దానికి ఎడమవైపు 1 మీటరులో ఉంది. 600 × దూరం = 300 × 1. అర మీటరు. అది దాటి ఒక్క అడుగు వేసినా మనిషి, పలక, రంగు డబ్బా మూడూ కిందికే. పలకను ఆధారాలకు తాడుతో కట్టేయాలని మేస్త్రీలు అరిచేది ఇందుకే.

ఎడ్లబండిలో బరువు ముందుకు ఉండాలంటారు. దానికీ టార్క్‌కీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఒంగోలు జాతి ఎద్దుల గురించి ఎంతైనా చెప్పుకుంటాం గానీ వాటి మెడ మీద పడే బరువును ఎవరూ లెక్కకట్టరు.

రెండు చక్రాల బండికి అక్షం ఇరుసే. బండి, సరుకు కలిపి 600 కిలోలు. మొత్తం గురుత్వ కేంద్రం ఇరుసుకు 10 సెంటీమీటర్లు ముందుంది. ఇరుసు నుంచి కాడి దాకా 3 మీటర్లు. బండి చదునైన నేల మీద ఆగి ఉంది. కాడి దగ్గర ఎడ్లు పైకి నెట్టే బలం × 3 = 6000 × 0.1. అంటే 200 న్యూటన్లు. రెండు ఎడ్ల మెడల మీదా కలిపి 20 కిలోల బరువు. 600 కిలోల్లో 20 మాత్రమే, మిగతాదంతా చక్రాలు మోస్తున్నాయి.

ఇప్పుడు రెండు బస్తాలు వెనక్కి జరిపారు. గురుత్వ కేంద్రం ఇరుసుకు 10 సెంటీమీటర్లు వెనక్కి పోయింది. లెక్కలో మైనస్ 200 వస్తుంది. అంటే కాడి పైకి లేవాలని చూస్తోంది, మెడకు కట్టిన తాడు ఎద్దు గొంతును పైకి లాగుతోంది. ఎద్దు నడవలేదు, ఊపిరి పట్టుకుంటుంది. అందుకని బండి తోలేవాళ్ళు బస్తాలు సర్దాక కాడిని చేత్తో ఎత్తి చూస్తారు. కాస్త బరువుగా తగలాలి, మరీ ఎక్కువ కాకూడదు.

ఇంకా ఆసక్తికరమైంది ఎత్తుపల్లాల సంగతి. గురుత్వ కేంద్రం ఇరుసు కన్నా 80 సెంటీమీటర్లు పైన ఉందనుకోండి. పదికి ఒకటి వాలున్న కట్ట మీద, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి బండిని ఆపారు. బండి ముందుకు వాలితే, ఎత్తులో ఉన్న ఆ కేంద్రం సుమారు 8 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. దిగుడులో 10 కాస్తా 18 అవుతుంది, మెడల మీద 36 కిలోలు పడుతుంది. ఎక్కుడులో 10 కాస్తా 2 అవుతుంది, 4 కిలోలే మిగులుతుంది. ఇంకొంచెం ఏటవాలు పెరిగితే కాడి లేస్తుంది. గడ్డి బండి, పొగాకు బండి లాంటి ఎత్తు బళ్ళు కట్ట ఎక్కేటప్పుడు ఒక మనిషి నొగ మీద కూర్చోవడం చూసే ఉంటారు. ఆ మనిషి బరువు ఎక్కడ పనిచేస్తోందో చూడండి: ఇరుసుకు చాలా ముందు.

నిచ్చెన లెక్క చూస్తేనే భయమేస్తుంది. ఎలా మొదలుపెట్టాలి?

దూలం లెక్కలాగే. వస్తువు నిచ్చెన. తాకేవి గోడ, నేల, మనిషి. గోడ నున్నగా ఉందంటే అది అడ్డంగా మాత్రమే నెడుతుంది. నేల పైకి నెడుతుంది, ఘర్షణతో గోడ వైపుకు కూడా నెడుతుంది. తెలియనివి మూడు, సమీకరణాలు మూడు. అక్షం నిచ్చెన కాళ్ళ దగ్గర, ఎందుకంటే రెండు తెలియని బలాలు అక్కడే ఉన్నాయి.

సంక్రాంతికి ముందు ఇంటికి సున్నం వేస్తున్నారు. నిచ్చెన 5 మీటర్లు, 20 కిలోలు. కాళ్ళు గోడకు 3 మీటర్ల దూరంలో, పై కొస 4 మీటర్ల ఎత్తులో. 60 కిలోల మనిషి నిచ్చెన వెంబడి 4 మీటర్లు ఎక్కాడు. కాళ్ళ నుంచి అతని అడ్డ దూరం 2.4 మీటర్లు, నిచ్చెన గురుత్వ కేంద్రానిది 1.5 మీటర్లు.

గోడ బలం × 4 = 200 × 1.5 + 600 × 2.4 = 1740

గోడ బలం 435 న్యూటన్లు. అడ్డ బలాలు సమానం కావాలి కాబట్టి ఘర్షణ కూడా 435. నేల పైకి నెట్టేది 800. కావలసిన ఘర్షణ గుణకం 435 ÷ 800, అంటే సుమారు 0.54.

అదే మనిషి ఒక్క మీటరే ఎక్కినప్పుడు గోడ బలం 165, కావలసిన గుణకం 0.21. కింద గట్టిగా నిలబడ్డ నిచ్చెన పైకి వెళ్ళాక జారడానికి కారణం ఇదే. మనిషి పైకి పోయేకొద్దీ నేల మోసే బరువు మారదు, ఘర్షణ అవసరం మాత్రం పెరుగుతూ పోతుంది.

ఇప్పుడు కాళ్ళను గోడకు 1.4 మీటర్ల దాకా దగ్గరికి జరపండి. పై కొస 4.8 మీటర్లకు లేస్తుంది. 4 మీటర్లు ఎక్కిన మనిషికి గోడ బలం 169 న్యూటన్లే, గుణకం 0.21 చాలు. నాలుగు వంతుల ఎత్తుకు ఒక వంతు దూరం అని భద్రతా నియమాల్లో చెప్పేది దాదాపు ఇదే కోణం. మరీ దగ్గరికి పెడితే వెనక్కి పడే ప్రమాదం ఉంది, అది వేరే లెక్క.

ఘర్షణ ఉన్న ప్రతిచోటా గుణకాన్ని అభిలంబ బలంతో గుణించేయొచ్చా?

వద్దు. మార్కులు పోయే చోట్లలో ఇది మొదటిది. గుణకం ఇంటూ అభిలంబ బలం (తాకే తలం లంబంగా నెట్టే బలం) అనేది ఘర్షణ చేరగల గరిష్ఠ విలువ. జారబోయే క్షణంలోనే ఘర్షణ అంత అవుతుంది. మిగతా వేళల్లో వస్తువు జారకుండా ఉండటానికి ఎంత కావాలో అంతే ఉంటుంది. పై లెక్కలో నేల గుణకం 0.7 అయినా ఘర్షణ 435 న్యూటన్లే, 560 కాదు. మొదట సమీకరణాల నుంచి కావలసిన ఘర్షణ కనుక్కోండి, తర్వాత గరిష్ఠంతో పోల్చండి. లెక్కలో «జారడానికి సిద్ధంగా ఉంది» అన్న మాట ఉంటే మాత్రం నేరుగా గరిష్ఠ విలువ వాడొచ్చు.

దుకాణం బోర్డు తీగకు, బోర్డు బరువు కన్నా ఎక్కువ తన్యత ఎలా వస్తుంది?

నెల్లూరు ట్రంకు రోడ్డులో గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన బోర్డులు చూసి ఉంటారు. గోడకు కీలుతో బిగించిన 2 మీటర్ల అడ్డ కడ్డీ, 5 కిలోలు. దాని కొసన 20 కిలోల బోర్డు వేలాడుతోంది. కడ్డీ కొస నుంచి గోడ మీద 1.5 మీటర్ల పైకి ఒక తీగ. తీగ పొడవు 2.5 మీటర్లు, కోణం సైన్ విలువ 0.6.

తన్యత అంటే తీగ లాగే బలం. కీలు దగ్గర అక్షం. తన్యత × 0.6 × 2 = 50 × 1 + 200 × 2 = 450. తన్యత 375 న్యూటన్లు. మొత్తం బరువు 250 న్యూటన్లే. తీగ ఏటవాలుగా ఉంది కాబట్టి దాని లాగుడులో 0.6 వంతే పైకి పనిచేస్తోంది. మిగతాది కడ్డీని 300 న్యూటన్లతో గోడలోకి నొక్కుతోంది. గోడ కూడా అంతే బలంతో కడ్డీని బయటికి నెడుతుంది, పైకి 25 న్యూటన్లు ఇస్తుంది.

తీగను ఇంకా చదునుగా, 15 డిగ్రీలకు దించితే తన్యత 869 న్యూటన్లకు పెరుగుతుంది. బట్టల తీగను ఎంత బిగించి కట్టినా తడి దుప్పటి వేయగానే కుంగుతుంది. పూర్తిగా చదునుగా ఉండాలంటే తన్యత అనంతం కావాలి.

లామీ సిద్ధాంతం అన్నిచోట్లా వాడొచ్చా?

సమతాస్థితిలో ఒక్కో బలం మిగతా రెండు బలాల మధ్య కోణం సైన్ విలువకు అనుపాతంలో ఉంటుందని ఆ సిద్ధాంతం చెబుతుంది. వాడాల్సింది మూడే బలాలుండి, అవి ఒకే బిందువు దగ్గర కలిసినప్పుడే. రెండు తాళ్ళకు వేలాడే బకెట్‌కు సరిపోతుంది. నిచ్చెన మీద మనిషి ఉన్న లెక్కకు నేరుగా సరిపోదు, అక్కడ బలాలు ఎక్కువ, తగిలే చోట్లు వేరు. ఎంసెట్‌కు, ఇప్పటి ఈఏపీసెట్‌కు, తొందరలో లామీని ఎక్కడపడితే అక్కడ అతికించి దెబ్బతినే వాళ్ళు చాలామంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: మూడు సమాంతరం కాని బలాలతో వస్తువు సమతాస్థితిలో ఉంటే ఆ మూడు రేఖలూ ఒకే చోట కలవాల్సిందే.

నాలుగు కాళ్ళ బల్లకు ఒక్కో కాలి మీద బరువు ఎందుకు తేలడం లేదు?

తేలదు. బల్లకు నిలువు బలాల సమీకరణం ఒకటి, రెండు దిశల్లో టార్క్ సమీకరణాలు రెండు, మొత్తం మూడు. తెలియనివి నాలుగు. బల్ల చెక్క ఎంత వంగుతుంది, నేల ఎక్కడ పల్లంగా ఉంది అన్నవి తెలిస్తేనే నాలుగోది తేలుతుంది. అది ఇంజినీరింగులో చదువుతారు. పొయ్యికి మూడు రాళ్ళే పెడతారు, ఏ నేల మీదైనా కుండ ఊగదు.

కిరాణా కొట్టు కౌంటర్ త్రాసులో సరుకు పళ్ళెం అంచున పెట్టినా తూకం మారదు. టార్క్ ప్రకారం మారాలి కదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళకు టార్క్ బాగా అర్థమైందని లెక్క. పళ్ళేలు పైన ఉండే ఆ త్రాసు నమూనాను ఫ్రెంచి గణితవేత్త రోబెర్వాల్ 1669లో చూపించాడు. చూసినవాళ్ళు అప్పట్లోనూ తలలు గోక్కున్నారంటే ఆశ్చర్యం లేదు.

రహస్యం కింద పెట్టెలో ఉంది. పళ్ళెం ఒక నిలువు కడ్డీకి బిగించి ఉంటుంది. ఆ కడ్డీని పైన ఒకటి, కింద ఒకటి, రెండు సమాంతర అడ్డ కడ్డీలు మేకులతో పట్టుకుంటాయి. అందువల్ల పళ్ళెం పైకీ కిందికీ పోగలదు గానీ పక్కకు ఒరగలేదు. 1 కిలో పంచదారను పళ్ళెం నడుమ నుంచి 6 సెంటీమీటర్లు పక్కకు పెట్టారనుకోండి. నిలువు కడ్డీని తిప్పబోయే అదనపు టార్క్ 10 × 0.06 = 0.6 న్యూటన్ మీటర్లు. అడ్డ కడ్డీల మధ్య ఎడం 15 సెంటీమీటర్లు అయితే, పై కడ్డీ ఒకవైపు 4 న్యూటన్లతో, కింది కడ్డీ ఎదురువైపు 4 న్యూటన్లతో నెట్టి ఆ టార్క్‌ని రద్దు చేస్తాయి. ఈ రెండు బలాలూ కడ్డీల పొడవునా పోతాయి కాబట్టి అవి ఊగే నడుమ మేకుల (నడిమేకుల) గుండానే వెళ్తాయి. నడిమేకు చుట్టూ టార్క్ సున్నా. త్రాసు ఒరగడానికి మిగిలింది పంచదార బరువొక్కటే, అది మారలేదు.

చేత్తో ఎత్తి పట్టుకునే పాత తక్కెడలో ఈ బాధే లేదు. పళ్ళేన్ని తాళ్ళతో వేలాడదీస్తారు, సరుకు ఎక్కడ పెట్టినా పళ్ళెం కాస్త ఊగి, గురుత్వ కేంద్రం కొక్కేనికి సరిగ్గా కిందికి వస్తుంది.

2 టన్నుల రాయిని ఒక మనిషి గడ్డపారతో ఎత్తగలడా?

ఒక అంచును ఎత్తగలడు. చీమకుర్తి గ్రానైటు ఘనమీటరుకు దగ్గర దగ్గర 3 టన్నులు తూగుతుంది. కాబట్టి 2 టన్నుల రాయి చూడ్డానికి అంత పెద్దదేమీ కాదు. ఒక అంచును లేపాలంటే ఎదుటి అంచు నేల మీదే ఉంటుంది, అది సగం మోస్తుంది. మనం లేపాల్సింది 1000 కిలోల బరువు. ఒకటిన్నర మీటర్ల గడ్డపార కొస రాయి కింద, కొస నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర చిన్న ఆపురాయి. అవతలి భుజం 145 సెంటీమీటర్లు. నిష్పత్తి 29. చేత్తో నొక్కాల్సింది సుమారు 34 కిలోల బరువంత. కానీ చెయ్యి 29 సెంటీమీటర్లు దిగితే రాయి లేచేది ఒక్క సెంటీమీటరు. లేచిన సందులో వెంటనే ఒక చెక్క దూరుస్తారు, మళ్ళీ పార వేస్తారు.

ఆపురాయి మీద పడే బలం ఎంతో చాలామంది అడగరు. 1034 కిలోల బరువంత. అందుకే మెత్తటి రాయి అక్కడ పనికిరాదు.

లారీలో లోడు ముందుకుందో వెనక్కుందో వే బ్రిడ్జితో తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉన్నప్పుడు ఒక రీడింగు, మొత్తం లారీ ఎక్కాక ఇంకో రీడింగు. ముందు చక్రాల మీద 4 టన్నులు, మొత్తం 16 టన్నులు, ఇరుసుల మధ్య 4.8 మీటర్లు అనుకోండి. వెనక ఇరుసు దగ్గర అక్షం పెడితే 16 × దూరం = 4 × 4.8. గురుత్వ కేంద్రం వెనక ఇరుసుకు 1.2 మీటర్లు ముందుంది. కాటా చుట్టూ నేల చదునుగా ఉండాలి, లేకపోతే లెక్క చెడుతుంది.

ఇంట్లో చేసి చూసుకునే ప్రయోగం ఏదైనా ఉందా?

రెండున్నాయి. మొదటిది స్కేలు తూచడం. చెక్క మీటరు స్కేలు, 10 రూపాయల నాణేలు అయిదు తీసుకోండి. ఒక్కో నాణెం సుమారు 7.7 గ్రాములు, అయిదూ కలిపి 38.5. వాటిని దొంతరగా 5 సెంటీమీటర్ల గుర్తు మీద పెట్టి, స్కేలును పెన్సిల్ మీద నిలపండి. 35 దగ్గర నిలిచిందనుకోండి. 38.5 × 30 = స్కేలు ద్రవ్యరాశి × 15. స్కేలు 77 గ్రాములు. తర్వాత ఏ కొట్లోనైనా ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి పోల్చుకోండి.

రెండోది మార్కాపురం పలకలతో. చట్రం లేని, ఒకే కొలత పలకలు నాలుగు కావాలి. పొడవు 30 సెంటీమీటర్లు అనుకుందాం. అన్నిటికన్నా పై పలక దాని కిందిదాని కన్నా 15 సెంటీమీటర్లు బయటికి, రెండోది మూడోదాని కన్నా 7.5, మూడోది నాలుగోదాని కన్నా 5, నాలుగోది బల్ల అంచు కన్నా 3.75 బయటికి. మొత్తం 31.25 సెంటీమీటర్లు. అంటే పై పలక పూర్తిగా బల్ల బయట, గాల్లో ఉంటుంది, పడదు. ప్రతి మెట్టులోనూ పైనున్న వాటన్నిటి గురుత్వ కేంద్రం సరిగ్గా కింది పలక అంచు మీదికి వస్తుంది. సరిగ్గా అంచు మీదికే కాబట్టి చేసేటప్పుడు ఒక్కోటి పావు సెంటీమీటరు తగ్గించుకోండి, ఫ్యాను ఆపండి.

పరీక్షలో 9.8 వాడాలా, 10 వాడాలా?

ప్రశ్నలో ఇస్తే అదే. ఇవ్వకపోతే 9.8 వాడండి. పైన దూలం లెక్కలో లాగా బరువులన్నీ కిలోల్లో ఉండి, జవాబు కూడా కిలోల బరువులో చెప్పమంటే గురుత్వ త్వరణం రెండు వైపులా కొట్టేసుకుపోతుంది, దాన్ని రాయాల్సిన పనే లేదు. 3, 4, 5 భుజాల త్రిభుజం కనిపిస్తే సైన్ విలువలు 0.6, 0.8 నేరుగా వేసేయండి. 37 డిగ్రీలు, 53 డిగ్రీలు ఇచ్చినా అవే. జవాబు పక్కన న్యూటన్లు అని రాయడం మరవకండి.